ముందే తేదీ పెట్టే సిజేరియన్‌: 37 వారాలకా, 39 నిండాకా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మొదటి కాన్పు సిజేరియన్ అయింది, రెండోది కూడా సిజేరియనే అని డాక్టరూ మీరూ కలిసి అనుకున్నారు. డాక్టరు 39 వారాలు నిండాకే తేదీ ఇస్తామంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో తొమ్మిదో నెల వచ్చేసింది కదా, 37 వారాలకే చేయించుకుంటే ఏం పోయింది, ఈలోపు నొప్పులు వస్తే ఎలా అని కంగారు పడుతున్నారు.

డాక్టరు చెప్పినట్టే ఆగండి. తల్లికీ బిడ్డకీ ప్రత్యేకమైన ఇబ్బంది ఏదీ లేనప్పుడు, కడుపులో ఒక్క బిడ్డే ఉన్నప్పుడు, ముందే అనుకున్న సిజేరియన్‌ను సాధారణంగా 39 వారాలు నిండాకే పెడతారు. అంటే డ్యూ డేటుకు ముందున్న చివరి వారంలో. బ్రిటన్, అమెరికా వైద్య మార్గదర్శకాలు కూడా కారణం లేకుండా అంతకంటే ముందు చేయవద్దనే చెబుతున్నాయి. నా రెండు కాన్పులూ ఇలా తేదీ పెట్టుకున్న సిజేరియన్లే. మా చెల్లెలికి మాత్రం వేరే కారణంతో ఇంకా ముందే చేయాల్సి వచ్చింది. అందుకే ఈ వారాల లెక్క గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు సంగతి బిడ్డ ఊపిరితిత్తుల్లో ఉంది. కడుపులో ఉన్నంతకాలం అవి ద్రవంతో నిండి ఉంటాయి. కాన్పు దగ్గరపడేకొద్దీ, ముఖ్యంగా నొప్పులు మొదలయ్యాక, బిడ్డ శరీరంలో విడుదలయ్యే హార్మోన్ల వల్ల ఆ ద్రవం లోపలికి ఇంకిపోవడం మొదలవుతుంది. నొప్పులు రాకుండానే బిడ్డను బయటికి తీసినప్పుడు ఈ పని సగంలో ఆగినట్టవుతుంది. అప్పుడు బిడ్డ ఆయాసపడుతూ వేగంగా ఊపిరి తీస్తుంది. చాలామంది పిల్లల్లో ఇది రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ ఆ రెండు మూడు రోజులు బిడ్డ ప్రత్యేక విభాగంలో ఆక్సిజన్ మీద, తల్లి వార్డులో కుట్లతో ఉండటం తేలికైన విషయం కాదు. కొందరికి అంతకంటే ఎక్కువ సహాయం కావాల్సి వస్తుంది కూడా.

ఒక్క వారంలో ఎంత తేడా వస్తుందో లెక్కలు చూస్తే తెలుస్తుంది. డెన్మార్క్‌లో జరిగి 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, నొప్పులు రాకముందే సిజేరియన్ చేసిన బిడ్డల్లో శ్వాస ఇబ్బంది వచ్చినవారు 37 వారాలప్పుడు నూటికి 10 మంది, 38 వారాలప్పుడు 5 మంది, 39 వారాలప్పుడు 2 మంది. మీలాగే మళ్లీ సిజేరియన్ చేయించుకున్న 13 వేలమందికి పైగా తల్లుల మీద అమెరికాలో జరిగిన మరో అధ్యయనం 2009లో వచ్చింది. అందులో శ్వాసతో పాటు ఇన్ఫెక్షన్, రక్తంలో చక్కెర పడిపోవడం, ప్రత్యేక విభాగంలో చేర్చాల్సి రావడం వంటివన్నీ కలిపి చూశారు. 37 వారాలకు 15.3 శాతం, 38కి 11 శాతం, 39కి 8 శాతం పిల్లలకు ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. అన్నిటికంటే నన్ను కదిలించింది, ఆ తల్లుల్లో మూడో వంతుకు పైగా 39 వారాలు నిండకముందే ఆపరేషన్ చేయించుకున్నవారు కావడం. మీ ఇంట్లోవాళ్లకు ఈ అంకెలు చూపించండి. వాళ్లది ప్రేమతో వచ్చిన తొందరే కాబట్టి, బిడ్డకు మేలు ఎందులో ఉందో తెలిస్తే వింటారు. ఇదివరకు 37 వారాలు దాటిన బిడ్డలందర్నీ ఒకే గాటన కట్టి నెలలు నిండినట్టే అనేవారు. 2013 నుంచి అమెరికా ప్రసూతి వైద్యులు 37, 38 వారాల కాన్పును విడిగా చూస్తున్నారు. వాళ్ల లెక్కలో పూర్తిగా నెలలు నిండటమంటే 39 వారాలు దాటడమే.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. 39వ వారం నడవడం వేరు, 39 వారాలు నిండటం వేరు. 38 వారాలు నిండగానే 39వ వారం మొదలైపోతుంది. డాక్టరు ఇచ్చిన తేదీ నాటికి ఎన్ని వారాలు నిండి, పైన ఎన్ని రోజులు అవుతాయో అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ లెక్క దేన్నిబట్టి వేశారో కూడా అడగండి. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులకు డ్యూ డేటు వస్తుంది. నెలసరి అందరికీ ఒకేలా రాదు కనుక, మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో బిడ్డ పొడవును బట్టి వేసిన లెక్కే నమ్మదగినది. ఎనిమిదో, తొమ్మిదో నెల స్కాన్‌లో బిడ్డ పెద్దగా కనిపించిందని డ్యూ డేటును ముందుకు జరపకూడదు. ఆ దశలో స్కాన్ చెప్పేది బిడ్డ ఎంత పెరిగిందని మాత్రమే. దాని ప్రకారం వయసు లెక్కిస్తే రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. మొదటి స్కాన్ రిపోర్టు ఎక్కడో అడుగున పడి ఉంటే ఇవాళే తీసి ఫైల్లో పైన పెట్టండి.

మరి 40 వారాలూ నిండేదాకా ఎందుకు ఆగరు? ఆగితే ఈలోపు నొప్పులు వచ్చే అవకాశం రోజురోజుకీ పెరుగుతుంది. సిజేరియన్‌కు తేదీ పెట్టుకున్నవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి 39 వారాలు నిండకముందే నొప్పులు మొదలవుతాయి. పాత కుట్టు ఉన్న గర్భసంచికి నొప్పుల ఒత్తిడి ఎక్కువసేపు తగలకుండా చూడాలి. అర్ధరాత్రి హడావిడిగా చేయడం కంటే, పగలు మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం అన్నీ అందుబాటులో ఉన్నప్పుడు నిదానంగా చేయడం మేలు. బిడ్డకు కావలసిన గడువు, తల్లికి కావలసిన జాగ్రత్త, రెండూ కుదిరేది ఆ చివరి వారంలోనే.

ముందే చేయాల్సిన సందర్భాలూ ఉన్నాయి. మా చెల్లెలి విషయం అలాంటిదే. తనకు మాయ గర్భసంచి ముఖద్వారాన్ని పూర్తిగా కప్పేసింది. నొప్పులు వచ్చి ముఖద్వారం తెరుచుకుంటే విపరీతంగా రక్తస్రావం అవుతుంది కాబట్టి ఇలాంటివాళ్లకు 36 నుంచి 37 వారాల మధ్యలో, 38 నిండకుండా తేదీ పెడతారు. తను ఏడో నెలలో ఒకసారి, ఎనిమిదో నెలలో ఒకసారి స్కాన్ చేయించుకుంది. గర్భసంచి పెరిగేకొద్దీ మాయ పైకి జరిగినట్టు కనిపించడం చాలామందిలో జరిగేదే, తనకు మాత్రం జరగలేదు. ఒకవేళ ముందే చేయాల్సి వస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ల సంగతి కూడా డాక్టరు ముందుగానే మాట్లాడారు. బిడ్డ కొన్నాళ్లు ముందు పుట్టినా అక్కడ కారణం బలమైనది. మీకు పాత సిజేరియన్ ఉంది కాబట్టి ఒక మాట తప్పకుండా అడగండి: ఈసారి మాయ ఎక్కడ ఉంది, పాత కుట్టు మీద కాదు కదా? కుట్టు ఉన్నచోటే మాయ గట్టిగా పాతుకుపోతే ఆపరేషన్ ఇంకా ముందు, దాదాపు 34 నుంచి 36 వారాల మధ్యలో, పెద్ద ఆసుపత్రిలో రక్తం సిద్ధం చేసుకుని చేయాల్సి ఉంటుంది.

కవలలైతే వేరే లెక్క. వేర్వేరు మాయలు ఉంటే 37, 38 వారాల ప్రాంతంలో, ఒకే మాయను పంచుకుంటే అంతకంటే ముందు. గతంలో గర్భసంచిని నిలువుగా కోసి సిజేరియన్ చేసి ఉంటే 36, 37 వారాలకే చేస్తారు. పైన చర్మం మీద కుట్టు అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపలిదీ అడ్డంగానే ఉందని చెప్పలేం, అందుకే పాత డిశ్చార్జి కాగితం డాక్టరుకు చూపించండి. బీపీ బాగా పెరగడం, చక్కెర అదుపులో లేకపోవడం, బిడ్డ ఎదుగుదల ఆగిపోవడం వంటివి ఉంటే తేదీ ఆ పరిస్థితిని బట్టి మారుతుంది.

ఇక నా సంగతి. మొదటిసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. 37వ వారం దగ్గర పైనుంచి చేతులతో తిప్పే ప్రయత్నం చేశారు, తిరగలేదు. 39 వారాలు నిండాక తేదీ ఇచ్చారు. ఆపరేషన్ రోజు ఉదయం థియేటర్‌కు తీసుకెళ్లేముందు మళ్లీ స్కాన్ చేశారు, చివరి నిమిషంలో తిరిగే పిల్లలూ ఉంటారట. రెండోసారి కూడా 39 నిండాకే తేదీ, కానీ ఆ తేదీకి కొద్ది రోజుల ముందు రాత్రి నొప్పులు మొదలయ్యాయి. ఇలా జరగవచ్చని డాక్టరు ముందే చెప్పి ఉన్నారు కాబట్టి భయపడలేదు. ఫోను చేశాం, వెంటనే రమ్మన్నారు. అప్పటినుంచి ఏమీ తినలేదు. పరీక్ష చేసి, ఇవి నిజమైన నొప్పులేనని తేల్చుకుని, తెల్లవారేలోగా సిజేరియన్ చేశారు. బిడ్డ గట్టిగా ఏడ్చింది, నా పక్కనే పడుకోబెట్టారు. ఎవరికైనా 37 వారాలకే చేయించుకోవాలనే ఆలోచన నొప్పుల భయంతోనే వస్తుంది. తేదీ కంటే ముందు నొప్పులు వస్తే ఏం చేయాలో ఆసుపత్రికీ మీకూ ముందే తెలిసి ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

ఈ మిగిలిన వారాల్లో హిమోగ్లోబిన్ చూపించుకోండి. తక్కువగా ఉంటే పెంచుకోవడానికి ఇంకా సమయం ఉంది. ఆపరేషన్‌కు ముందు ఘనాహారం 6 గంటలు, మంచినీళ్లు 2 గంటలు ముందు ఆపమని సాధారణంగా చెబుతారు, మీ ఆసుపత్రి చెప్పింది పాటించండి. ఆ రోజు వేరొకరికి అత్యవసరమైన ఆపరేషన్ పడితే మీది కొన్ని గంటలు వెనక్కి జరగవచ్చు, మర్నాటికి కూడా పోవచ్చు. వచ్చే బంధువులకు ఈ మాట ముందే చెప్పి ఉంచితే ఆ పూట మీమీద ఒత్తిడి ఉండదు.

తేదీ దాకా ఆగాలన్నది అంతా బాగున్నప్పటి మాట. క్రమంగా వచ్చే నొప్పులు, ఉమ్మనీరు పోవడం, రక్తం కనిపించడం, పాత కుట్టు దగ్గర తగ్గని నొప్పి, బిడ్డ కదలికలు తగ్గడం, తీవ్రమైన తలనొప్పి లేదా చూపు మసకబారడం, వీటిలో ఏది వచ్చినా ఎన్ని వారాలైందని లెక్క చూడకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి. రాత్రిపూట నేరుగా ప్రసూతి విభాగానికి కలిసే ఫోను నంబరు ఏదో ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అడిగి, మీ ఫోనులోనూ ఇంట్లో ఇంకొకరి ఫోనులోనూ పెట్టించండి.