గాలిలో తేలే చదువు కాళ్ల మీద నిలబెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. లెక్కలు, భౌతికశాస్త్రం బాగా చదువుతుంది. ఏడాదిగా ఎయిర్‌షిప్‌ల పిచ్చి, అంటే గాలికంటే తేలికైన గ్యాసుతో తేలుతూ ఇంజన్లతో నడిచే ఆకాశ ఓడల పిచ్చి పట్టుకుంది. హీలియం నింపిన ఫాయిల్ బెలూనుకు రెండు చిన్న మోటార్లు కట్టి ఇంట్లో ఎగరేస్తోంది. అది ఎంత బరువు మోస్తుందో చూడాలని రోజూ జెమ్ క్లిప్పులు తగిలించి, లెక్కపెట్టి, నోటుబుక్కులో రాసుకుంటోంది. ఒకరోజు పొద్దున పదకొండు అని రాసింది, మధ్యాహ్నానికి పన్నెండు అని రాసింది. గ్యాసు నింపకుండా అంకె ఎలా పెరిగిందని అడిగితే జవాబు లేదు. కాలుష్యం లేని సరుకు రవాణాకు ఎయిర్‌షిప్‌లే దిక్కని వార్తలు తెచ్చి చూపిస్తుంది. ఎయిర్‌షిప్ డిజైన్ డిగ్రీ ఎక్కడ దొరుకుతుంది? దానికీ మామూలు ఏరోస్పేస్ ఇంజనీరింగ్‌కూ మధ్య ఏది మేలో పోల్చి చెప్పగలరా? రేపు నలుగురూ అడిగితే మా అమ్మాయి బెలూన్లు చదువుతోందని చెప్పుకోవాల్సి వస్తుందేమోనని దిగులుగా ఉంది.

జవాబు: మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది చివరి వాక్యమేనని అర్థమవుతూనే ఉంది. ఇదే ఉత్తరం నాకు ఏళ్ల తరబడి పేరు మార్చుకుని వస్తోంది. ఒకప్పుడు రోబోలు, తరువాత డ్రోన్లు, ఇప్పుడు ఎయిర్‌షిప్‌లు. పిల్లలు పేరు చూసి ముచ్చటపడతారు, తల్లిదండ్రులు అదే పేరు చూసి భయపడతారు. ఆ పేరు వెనక ఉన్న చదువు ఏమిటో ఇద్దరిలో ఎవరూ అడగరు.

ముందు సూటి సమాధానం. ఎయిర్‌షిప్ డిజైన్ అనే పేరున్న డిగ్రీ కోసం వెతకడం ఈరోజే ఆపేయండి. ఈ రంగంలో పనిచేసే ఇంజనీర్లు ఏరోస్పేస్, మెకానికల్, మెటీరియల్స్, కంట్రోల్ సిస్టమ్స్ వంటివి చదివి, ఆ పైన ప్రాజెక్టుల ద్వారానో పరిశోధన ద్వారానో ఇటువైపు వచ్చినవారే. కాబట్టి మీరు పోల్చమన్న రెండు దారులు నిజానికి రెండు కావు, మొదటి నాలుగేళ్లూ ఒకటే దారి. ప్రవేశ పరీక్షల సంగతి మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది, దాన్ని వదిలేస్తున్నాను.

ఇక ఆ వార్తల గురించి. వాటి మీద నాకున్న అనుమానాలు మీ అమ్మాయి కూడా వినాలి, ఈ భాగం ఆమెకు చదివి వినిపించండి. సముద్రమట్టం దగ్గర ఒక ఘనపు మీటరు హీలియం మోయగలిగేది సుమారు ఒక కిలో. 60 టన్నుల సరుకు ఎత్తాలంటే ఆ సరుకు కోసమే దాదాపు 60,000 ఘనపు మీటర్ల గ్యాసు కావాలి; గ్యాసును పట్టి ఉంచే తొడుగు, ఇంజన్లు, ఇంధనం, సిబ్బంది బరువుకు కావలసింది వేరే. ఫ్రాన్స్‌లో ఫ్లయింగ్ వేల్స్ సంస్థ 60 టన్నులు మోయడానికి రూపకల్పన చేస్తున్న ఓడ పొడవు 200 మీటర్లు ఉండటానికి కారణం ఇదే. కొలతలు రెట్టింపైతే తొడుగు వైశాల్యం నాలుగింతలు, ఘనపరిమాణం ఎనిమిదింతలు అవుతాయి గనుక పెద్ద ఓడే లాభసాటి, చిన్నది ఎప్పుడూ నష్టమే. అంటే చిన్నగా మొదలుపెట్టి మెల్లగా ఎదిగే వీలు ఈ వ్యాపారంలో దాదాపు లేదు. మొదటి ఓడ నుంచే భారీ పెట్టుబడి కావాలి, పెట్టుబడిదారులకు అంత ఓపిక ఉండదు.

దానికి మించిన చిక్కు సరుకు దించేటప్పుడు వస్తుంది. 60 టన్నులు దించిన మరుక్షణం ఓడ 60 టన్నులు తేలికై పైకి లేస్తుంది. దాన్ని పట్టి ఉంచాలంటే అంత బరువు నీళ్లు ఎక్కించాలి, లేదా ఖరీదైన గ్యాసును వదిలేయాలి, లేదా ఎత్తే బలంలో కొంత భాగాన్ని ఇంజన్ల మీదా రెక్కలాంటి ఆకారం మీదా వేయాలి. రోడ్లు లేని మారుమూలలకు సరుకు చేరవేస్తామని ప్రకటించేవారు ఆ మారుమూలలో అన్ని నీళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పరు. ఈ బరువు సమస్య కొత్తదేమీ కాదు. ఇంధనం కాలినకొద్దీ ఓడ తేలికవుతుందని 1928లో ఎగిరిన జర్మనీ ఎయిర్‌షిప్ గ్రాఫ్ జెప్పెలిన్‌లో దాదాపు గాలంత సాంద్రత ఉన్న ఇంధన వాయువును వాడారు. అది ఖర్చయి ఆ చోటును గాలి నింపినా ఓడ బరువు మారేది కాదు. అమెరికా నౌకాదళం తన ఆక్రన్, మేకన్ ఓడలలో ఇంజన్ పొగలోని నీటి ఆవిరిని చల్లబరిచి నీళ్లుగా పట్టి దాచుకుంది. నాకు ఈ రెండు ఉపాయాలంటే ఎంతో ఇష్టం, అందుకే కాస్త పక్కదారి పట్టాను.

మూడోది గాలి. ఎయిర్‌షిప్ పేరెత్తగానే అందరూ 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో తగలబడి 36 మందిని బలిగొన్న, హైడ్రోజన్ నింపిన హిండెన్‌బర్గ్‌నే తలచుకుంటారు. హైడ్రోజన్ బదులు హీలియం వాడితే కథ సుఖాంతమని అనుకుంటారు. 1933 ఏప్రిల్‌లో తుఫానులో సముద్రంలో కూలి 73 మందిని ముంచిన ఆక్రన్‌లో ఉన్నది హీలియమే. నిప్పు భయం తీరినా వాతావరణం భయం తీరదు. వేగం రెట్టింపు చేయాలంటే ఇంజన్ శక్తి దాదాపు ఎనిమిదింతలు కావాలి కాబట్టి ఈ ఓడలు నెమ్మదిగానే వెళ్తాయి, నెమ్మదిగా వెళ్లేదాన్ని ఎదురుగాలి మరీ ఎక్కువగా ఆపుతుంది. నేల మీద కట్టేసి ఉన్నప్పుడూ నిశ్చింత లేదు. బ్రిటన్‌లో 2016లో తొలిసారి ఎగిరిన 92 మీటర్ల ఎయిర్‌ల్యాండర్ 10 మరుసటి ఏడాది కట్టేసిన స్తంభం నుంచి విడిపోయి, భద్రతా ఏర్పాటు ప్రకారం గ్యాసు వదిలి కుప్పకూలింది.

జర్మనీలో కార్గోలిఫ్టర్ అనే సంస్థ 160 టన్నులు మోసే ఓడను కడతామని 1996లో పుట్టి, 360 మీటర్ల పొడవు, 107 మీటర్ల ఎత్తు ఉన్న హ్యాంగర్ కట్టి, 2002లో దివాలా తీసింది. ఓడ రాలేదు గానీ హ్యాంగర్ ఇప్పటికీ ఉంది, అందులో జనం ఈత కొడుతున్నారు. దాన్ని లోపలే కొలనులూ చెట్లూ ఉన్న విహార కేంద్రంగా మార్చారు. విమానాలు ఎగిరే ఎత్తుకు పైనున్న వాతావరణ పొర స్ట్రాటోస్ఫియర్‌లో బెలూన్ల ద్వారా ఇంటర్నెట్ అందించాలనుకున్న లూన్ ప్రాజెక్టు 2021లో మూతపడింది. మరోవైపు అమెరికాలో ఎల్‌టీఏ రీసెర్చ్ సంస్థ నిర్మించిన 124 మీటర్ల పాత్‌ఫైండర్ 1 కార్బన్ ఫైబర్ గొట్టాల చట్రంతో 2023లో బయటికొచ్చింది కాబట్టి రంగం చచ్చిపోయిందని కూడా అనలేం. ఒకప్పుడు నేనే ఒక విద్యార్థితో ఎయిర్‌షిప్‌లు హిండెన్‌బర్గ్‌తోనే ముగిశాయని చెప్పి పంపేశాను. ఆ తొందరపాటుకు ఇప్పటికీ సిగ్గుపడతాను, అందుకే ఈ జవాబు ఇంత పొడుగైంది. అయినా మనుషులు ఎక్కి నడిపే ఎయిర్‌షిప్‌లు ప్రపంచం మొత్తం మీద ఒక తరగతి హాజరు పట్టీలో పట్టేటన్నే. ఎయిర్‌షిప్ ఉద్యోగం ఒక్కటే లక్ష్యమని పదిహేడేళ్ల పిల్ల గిరిగీసుకోకూడదు.

ఇప్పుడు మీ వంతు. కాస్త కటువుగా ఉంటుంది, ఓర్చుకోండి. పొద్దున పదకొండు క్లిప్పులు, మధ్యాహ్నం పన్నెండు అని ఆ అమ్మాయి ఉన్నది ఉన్నట్టు రాస్తే, దాన్ని మీరు తప్పు లెక్కగా తీసుకుని, జవాబు చెప్పలేకపోయిందని ఫిర్యాదు రాశారు. బెలూను ఉన్నది కిటికీ పక్కనేనా? నాలుగు రోజులుగా గ్యాసు కొంచెం కొంచెం కారిపోయి తొడుగు వదులుగా ఉన్నప్పుడు ఎండ తగిలితే, లోపలి హీలియం చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ వేడెక్కి ఉబ్బుతుంది. అది పక్కకు నెట్టే గాలి పెరుగుతుంది, ఎత్తే బలమూ పెరుగుతుంది. ఒక క్లిప్పు ఒక గ్రాము అనుకుంటే, ఆ మాత్రం తేడా రావడానికి కొద్ది డిగ్రీల వేడి చాలు. దీన్ని ఇంజనీర్లు సూపర్‌హీట్ అంటారు. ఇరవై కిలోమీటర్ల ఎత్తున నెలల తరబడి నిలిచే ఓడను రూపొందించాలనుకునేవారికి పగలు తొడుగు పగిలిపోయేంత పీడనం పెరగడం, రాత్రి కిందికి జారిపోవడం అనే రెండు తలనొప్పులు దీనివల్లే వస్తాయి. ఆ ఎత్తున గాలి సాంద్రత నేల మీది సాంద్రతలో పద్నాలుగో వంతే గనుక ప్రతి కిలోకూ అన్ని రెట్ల గ్యాసు కావాలి, తొడుగు అంత పలచగానూ గట్టిగానూ ఉండాలి. పెద్ద ప్రయోగశాలలు తల పట్టుకునే విషయం మీ ఇంట్లో నోటుబుక్కులోకి ఎక్కింది, మీరు దాన్ని తప్పు లెక్క అనుకున్నారు. తనకు నచ్చే అంకె రాకపోయినా దిద్దకుండా రాసుకునే అలవాటు నేను చూసే విద్యార్థుల్లో నూటికి పదిమందికి కూడా ఉండదు.

మీకు ధైర్యం చెప్పాల్సింది కూడా ఇక్కడే. ఓడ పేరు పక్కన పెట్టి, దాని కోసం నేర్చుకోవలసినవి చూడండి. వాయువును ఆపే పలుచని పొరల పదార్థశాస్త్రం పారాచ్యూట్లకూ, ఉబ్బించి వాడే కట్టడాలకూ, అంతరిక్ష పరికరాలకూ పనికొస్తుంది. ఎయిర్‌షిప్‌ను పక్కకు నెట్టాలంటే దాదాపు దాని బరువంత గాలిని కూడా కదిలించాలి. ఈ లెక్క నేర్చినవారికి జలాంతర్గాముల చలనం కొత్తగా ఉండదు. తోక లేని పొడవాటి ఓడ ముక్కు కాస్త పక్కకు తిరిగితే గాలే దాన్ని ఇంకా తిప్పేస్తుందని 1920లలో వాయుగతిశాస్త్రవేత్త మాక్స్ మంక్ లెక్కగట్టి చూపించాడు. ఆ అస్థిరతను అదుపు చేసే కంట్రోల్ విద్య డ్రోన్ల నుంచి ఉపగ్రహాల దాకా అన్నిచోట్లా కావాలి. 1985లో సోవియట్ వేగా అంతరిక్ష నౌకలు శుక్రగ్రహపు మేఘాల్లో వదిలిన రెండు హీలియం బెలూన్లు దాదాపు రెండు రోజుల పాటు తేలుతూ అక్కడి గాలుల వివరాలు పంపాయి. నలుగురిలో చెప్పుకోవడానికి మీకు ఇంతకంటే మంచి మాట దొరకదు. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఎయిర్‌షిప్ కంపెనీలో చేరిన రెండేళ్లకే పెట్టుబడి ఆగి అది మూతపడితే, తొడుగు కుట్ల మీద చేసిన పనితోనే మూడు నెలల్లో పారాచ్యూట్ల తయారీలో కుదురుకున్నాడు.

పోలిక ఒక్క మాటలో చెబుతాను. ఏరోస్పేస్‌గానీ మెకానికల్‌గానీ తీసుకుని, స్ట్రక్చర్లు, కంట్రోల్ రెండింట్లో ఒకదాన్ని గట్టిగా పట్టుకుని, ప్రాజెక్టుగా మాత్రం తనకు నచ్చిన ఓడను చేయనివ్వండి. చేరబోయే కాలేజీలో బెలూన్ల మీదో పలుచని పొరల మీదో పనిచేసే అధ్యాపకులు ఒక్కరైనా ఉన్నారేమో ముందే వాకబు చేయండి. నా దృష్టిలో అది ర్యాంకుల పట్టికలో నాలుగు మెట్లు పైనున్న కాలేజీకంటే విలువైనది. ఇంతకంటే వివరమైన పోలికకు ఇప్పుడు అవసరం లేదు, రెండో ఏడాది ముగిశాక మళ్లీ మాట్లాడుకుందాం.

ఈలోగా ఆ అమ్మాయికి ఒక థర్మామీటరు కొనిపెట్టండి. వారం పాటు పొద్దున ఎండ రాకముందు, మధ్యాహ్నం ఎండలో, రాత్రి దీపాలు ఆర్పే ముందు క్లిప్పుల లెక్కా ఉష్ణోగ్రతా పక్కపక్కనే రాయమనండి; కాలేజీకి వెళ్లిన వేళల్లో ఆ అంకె మీరు రాయండి. రాత్రి అంకెలను మాత్రమే గ్రాఫుగా గీస్తే రోజుకు ఎంత గ్యాసు కారిపోతోందో తేలుతుంది. వచ్చే ఉత్తరం ఆమెనే రాయమనండి, ఆ గ్రాఫు కూడా జతచేయమనండి.