క్రోమ్ మొరాయిస్తోంది, విండోస్ మార్చేయాలా?

ప్రశ్న: గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను. ఆఫీసు కంప్యూటర్ 2013లో కొన్నది. ఐ3 మూడో తరం ప్రాసెసర్, విండోస్ 7. క్రోమ్ తెరిస్తే ఇక అప్‌డేట్లు రావని చెబుతోంది. కొన్ని సైట్లు తెరుచుకోవు, తెరుచుకున్నా బటన్లు పని చేయవు. సర్వీస్ అబ్బాయి ఫార్మాట్ కొట్టి విండోస్ 11 వేసేస్తానంటున్నాడు. ఏళ్ల తరబడి పాస్‌వర్డ్‌లన్నీ ఆ క్రోమ్‌లోనే ఉన్నాయి, జీఎస్టీకి వాడే, పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకం టోకెన్ కూడా దీనికే పెడతాం. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, పట్టాభిపురం, గుంటూరు

జవాబు: ముందు ఆ అబ్బాయిని ఆగమనండి. ఫార్మాట్ కొట్టడానికి అరగంట చాలు, పోయిన పాస్‌వర్డ్‌లు మళ్లీ తెచ్చుకోవడానికి నెల పడుతుంది.

క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లోకి వెళ్లి 'అబౌట్ గూగుల్ క్రోమ్' చూడండి. 109 అని ఉంటుంది. విండోస్ 7కి వచ్చిన చివరి క్రోమ్ అదే. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి కనీసం విండోస్ 10 ఉండాల్సిందే, కాబట్టి క్రోమ్ తీసేసి మళ్లీ ఎన్నిసార్లు వేసుకున్నా 109 దగ్గరే ఆగుతుంది. సైట్లు తయారు చేసేవాళ్లు కొత్త బ్రౌజర్లను చూసుకుని రాస్తారు, అందుకే మీ దగ్గర పేజీ సగం వచ్చి ఆగిపోతోంది. అది మీ నెట్ తప్పు కాదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. విండోస్‌కి గడువు తీరిన రోజే బ్రౌజర్‌కి కూడా తీరదు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో చేతులెత్తేస్తే క్రోమ్ ఇంకో రెండేళ్లు నడిచింది. విండోస్ 7కి 2020 జనవరి 14న అప్‌డేట్లు ఆగాయి, క్రోమ్ మాత్రం మరో మూడేళ్లు లాక్కొచ్చింది. ఆ మూడేళ్లూ బ్రౌజర్ బాగానే ఉంది కదా అని కింద విండోస్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బ్రౌజర్ కొత్తదైనా కింద విండోస్ పాతబడితే బ్యాంకు పనులకు ఆ కంప్యూటర్‌ని నమ్మలేం.

ఇక విండోస్ 11. మీ మెషీన్‌కి అది పద్ధతి ప్రకారం రాదు. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం నుంచి, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మీది మూడో తరం. తనిఖీని తప్పించి ఎక్కించే దారులున్నాయి, ఆ అబ్బాయి మనసులో ఉన్నది అదే అయ్యుంటుంది. అలా వేసిన కంప్యూటర్‌కి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఇంట్లో సినిమాలు చూసుకునే కంప్యూటర్ అయితే నేనూ సరే అనేవాణ్ణి, కంపెనీ రిటర్నులు వేసే దాని మీద మాత్రం వద్దు.

విండోస్ 10 వేస్తే నడుస్తుంది, ఇప్పటి క్రోమ్ వస్తుంది, దాని మీద మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌కి కనీసం 2028 అక్టోబరు దాకా అప్‌డేట్లు ఇస్తామని కూడా చెప్పారు. కానీ విండోస్ 10కే 2025 అక్టోబరు 14న గడువు తీరింది, ఇళ్లలో వాడేవాళ్లకు పెంచిన భద్రతా అప్‌డేట్లు కూడా 2026 అక్టోబరు వరకే. అంటే పైన చెప్పిన కథే మళ్లీ మొదలవుతుంది. కాబట్టి యజమానితో మాట్లాడి విండోస్ 11తో వచ్చే మామూలు మెషీన్ ఒకటి కొనిపించండి. పాతదాన్ని పారేయకండి, నెట్ కేబుల్ తీసేసి పాత లెక్కలు చూసుకోవడానికి పక్కన ఉంచుకోండి.

పాస్‌వర్డ్‌ల విషయంలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. మా బంధువుల షాపులో కంప్యూటర్ మారుస్తూ క్రోమ్ 'యూజర్ డేటా' ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. కొత్తదాంట్లో అదే చోట పెడితే బుక్‌మార్కులన్నీ వరసగా కనిపించాయి, హమ్మయ్య అనుకున్నాను. బ్యాంకు సైటు తెరిస్తే పాస్‌వర్డ్ గడి ఖాళీ. అప్పటికే పాత డిస్క్ తుడిచేశాం. క్రోమ్ ఆ పాస్‌వర్డ్‌లను పాత విండోస్ యూజర్ ఖాతాకి ముడిపెట్టి తాళం వేస్తుంది, ఫోల్డర్ ఇంకో విండోస్‌లోకి వెళ్తే ఆ తాళం తెరుచుకోదు. అప్పుడు షాపాయన మొహంలోకి చూడలేకపోయాను. అందుకే ఫోల్డర్ కాపీని నమ్ముకోకండి. సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్‌ల దగ్గర 'ఎక్స్‌పోర్ట్' నొక్కి ఫైలుగా దించుకోండి, ఆ ఫైలు తెరిచి నాలుగు పాస్‌వర్డ్‌లు కళ్లారా చూశాకే ముందుకు వెళ్లండి. ఆ ఫైలుకి తాళం ఉండదు, ఎవరు తెరిచినా చదవొచ్చు. కొత్త మెషీన్‌లోకి ఎక్కించగానే పెన్‌డ్రైవ్‌లోంచి కూడా తీసేయండి.

టోకెన్ గురించి భయపడకండి. సంతకం టోకెన్ లోపలే ఉంటుంది, కంప్యూటర్ మార్చినా పోదు. కొత్తదాంట్లో టోకెన్ కంపెనీ డ్రైవర్, జీఎస్టీ సైటు నుంచి ఎమ్‌సైనర్ అనే సంతకం సాఫ్ట్‌వేర్ వేసుకుంటే చాలు. టోకెన్ కనిపించకపోతే కంగారులో దాని సాఫ్ట్‌వేర్‌లో ఉండే 'ఇనీషియలైజ్' మాత్రం నొక్కకండి. అది నొక్కితే లోపలి సంతకం మొత్తం చెరిగిపోతుంది, మళ్లీ డబ్బు కట్టి కొత్తది తెచ్చుకోవాలి. పిన్ గుర్తు లేక అదే పనిగా తప్పు కొట్టినా టోకెన్ లాక్ అవుతుంది.

ఇదంతా జీఎస్టీ రిటర్నుల గడువులైన 11, 20 తేదీల ముందు పెట్టుకోకండి. మిర్చి యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చినప్పుడు మొదలుపెట్టి, ఒక నెల రెండు కంప్యూటర్లూ పక్కపక్కనే ఉంచుకుని, ఒక రిటర్న్ కొత్తదాంట్లో సంతకంతో సహా పూర్తయ్యాకే పాతదాని నెట్ తీయండి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏ సైటు తెరిచినా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటోంది. విండోస్ మార్చాలా?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అక్కర్లేదమ్మా. కింద కుడి మూల తేదీ చూడండి, పాత సంవత్సరమేదో చూపిస్తూ ఉంటుంది. సైటు అసలుదేనని చూపే సర్టిఫికెట్ ప్రతిదానికీ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువుంటుంది, మీ కంప్యూటర్ ఇంకా ఆ రోజు రాలేదనుకుంటోంది. లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. దాని మీద సీఆర్ 2032 అని ఉంటుంది, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. అది మార్చి తేదీ సరిచేయండి.

ప్రశ్న: డీటీపీ చేస్తాను. విండోస్ 7 నుంచి 11కి మారాక, గౌతమి ఫాంట్‌తో చేసిన తెలుగు పేజీలు బ్రౌజర్‌లో వేరేగా కనిపిస్తున్నాయి, లైన్లు జరిగిపోతున్నాయి. ప్రూఫ్ అలాగే చూపిస్తే కస్టమర్లు గొడవ పడుతున్నారు.
– గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: బ్రౌజర్‌లో లోపం లేదండి. ఎక్స్‌పీ నుంచి గౌతమి విండోస్‌తో పాటే వచ్చేది, విండోస్ 10 నుంచి దాన్ని విడిగా దించుకోవాల్సిన ఫాంట్లలోకి మార్చారు. అది దొరక్క బ్రౌజర్ నిర్మలా ఫాంట్ పెడుతోంది, అక్షరాల వెడల్పు వేరు కాబట్టి లైను వేరే చోట విరుగుతోంది. సెట్టింగ్స్‌లో 'ఆప్షనల్ ఫీచర్స్' తెరిచి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' అని వెతికి వేసుకోండి, గౌతమితో పాటు వాణి కూడా వస్తుంది. బ్రౌజర్ మొత్తం మూసి మళ్లీ తెరవండి. అను ఫాంట్లలో కొట్టిన పాత మ్యాటర్‌కి ఇది పని చేయదు, అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాలు) కాదు, ముందు కన్వర్ట్ చేసుకోవాలి. కన్వర్ట్ చేశాక వత్తులు, పొల్లులు ఒకసారి కంటితో చూసుకోండి, ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే.