కాటా పట్టబోయే అబ్బయ్యకు

ప్రియమైన అబ్బయ్యకు, ప్రభువు నామంలో మీ పెదనాన్న దీవించి రాసేది.

నువ్వు రొయ్యల కొనుగోలు మొదలుపెడుతున్నావని మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకునే దగ్గర మీ పెద్దమ్మకి ఎవరో చెప్తే నాకు తెలిసింది. నాకు చెప్పటానికి నోరు రాలేదా? వద్దంటాననుకున్నావేమో. అనను. మన ఇంట్లో గుంటల్లో దిగి వల లాగినవాళ్ళే గానీ, గట్టు మీద నిలబడి సొంతంగా ధర చెప్పినవాడు లేడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, సగం సంబరానికి, సగం దిగులుకి.

కాటాకి తూనికలు కొలతలవాళ్ళ ముద్ర తప్పకుండా వేయించు. రైతు డబ్బు బ్యాంకులోనే వెయ్యి. ఐసువాడికి అప్పు పెట్టొద్దు. కంపెనీవాళ్ళు పార్టీకి పిలిస్తే అన్నం తిని వచ్చెయ్. ఇవన్నీ నీకు తెలిసినవే. నేను రాయాలనుకున్నది వేరే.

1994 వేసవిలో నేను ఒక బయ్యరు దగ్గర కౌంటు, అదే కేజీకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క, చూసేవాణ్ణి. అప్పుడన్నీ టైగర్ రొయ్యలే, మీ వనామీ ఇంకా రాలేదు. అల్లూరు అవతల ఒక గుంట పట్టుబడి. తెల్లవారుజామున వల లాగారు. కేజీ తూచి గోనెపట్టా మీద పోసి అయిదేసి ఏరుతున్నా. రైతు బ్యాటరీ లైటు పట్టుకుని నా పక్కనే గొంతుక్కూచున్నాడు. మీదే ఊరని అడిగాడు. రామాయపట్నం అన్నా. "బాప్టిస్టు సంఘమా? అయితే ఇంక నేను చూసేదేముంది, మీరే లెక్కపెట్టండి" అని లైటు నా చేతికిచ్చి, కూలీలకి టీ పోయించటానికి పోయాడు. మన దేవుణ్ణి మొక్కే మనిషి కూడా కాదు.

ఆయన అటు పోంగానే నా చేతిలో నాలుగు రొయ్యలు అయిదయినాయి. మూడుసార్లు. ముప్పైమూడు కౌంటు ముప్పైయారయింది. కౌంటు పెరిగితే రొయ్య చిన్నదని లెక్క గదా, ధర ఆ మేరకు దిగింది. బయ్యరు ముందురోజే చెప్పి ఉంచాడులే, కానీ వాడి మీదికి నెట్టను. నాకు అవసరమూ లేదు, ఆకలీ లేదు. మంచి పనోడివిరా అంటాడని చేశా. అన్నాడు కూడా, అయిదొందలు చేతిలో పెట్టి. అందులో యాభై తీసి ఆ ఆదివారమే దశమభాగం కింద కానుక సంచిలో వేశా, అబ్బయ్యా. దొంగత్రాసు యెహోవాకు హేయమని సండేస్కూల్లో పిల్లలకి వల్లె వేయించింది ఈ నోరే.

ఆ ఏడాది చివరికి రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చి గుంటలకి గుంటలే తుడిచిపెట్టుకుపోయినాయి. ఆ రైతు పొలం అమ్ముకుని నెల్లూరులో వాచ్‌మన్‌గా చేరాడని విన్నా. నా మూడు రొయ్యల వల్లే చితికిపోయాడని అనను, అంత బలం వాటికి లేదు. అయినా సువార్తలో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇచ్చాడు గదా అని, తొమ్మిదేళ్ళకి లెక్కకట్టి డబ్బు తీసుకుని పోయా. ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఇల్లాలు ఇదేంది అనడిగింది. "పాత బాకీ" అన్నా. ఆమె టీ పెట్టిచ్చి, "చర్చివాళ్ళు మాట మీదుంటారని మా ఆయన ఎప్పుడూ అంటుంటాడు" అంది. ఆ టీ తాగి వచ్చేశా. నిజం చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేడు.

నిన్నూ అట్టాగే నమ్ముతారు. నా భయమంతా అదే. కాటాని చూసి కాదు, పేరుని చూసి నమ్ముతారు. ఆ పేరు నువ్వూ నేనూ సంపాదించింది కాదు. 1876-78 ధాతు కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించాడు గానీ, కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మం మాత్రం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. అడిగినవాళ్ళంతా ఆగారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బోధకులు ఇద్దరిద్దరు చొప్పున దిగి, ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. అందులో మా నాయన తాత ఉన్నాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆకలి మీద కూడా ఆగినవాళ్ళు వాళ్ళు. నేను కడుపునిండా తిని కూడా ఆగలేకపోయా.

ఇంకోటి, ఆదివారం పట్టుబడి. రొయ్య చస్తుంటే సోమవారం దాకా ఆగమని చెప్పను, గుంటలో పడ్డ ఎద్దుని సబ్బాతు నాడు పైకి తీయరా అని ప్రభువే అడిగాడు. కానీ లారీ ఖాళీగా ఉందని ఆదివారం పెట్టుకుంటే మాత్రం నాకు కబురొస్తుంది, కావలిలో నాకు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు.

తెల్లవారుజామున గట్ల మీద మంచు పడుతుంది. నీకు చిన్నప్పటినించీ పిల్లికూతలు. మఫ్లర్ కట్టుకోకుండా పోతే చూడు. మీ అమ్మ నిన్ను భుజానేసుకుని రాత్రంతా వసారాలో తిరగటం నేను చూశా.

మొదటి పట్టుబడి ఎప్పుడో ఫోన్ చెయ్యి, ముందురోజే బస్సెక్కి వస్తా. ఏమీ మాట్లాడను, గట్టు మీద లైటు పట్టుకుని కూచుంటా. లెక్క మాత్రం నువ్వు పెట్టొద్దు, రైతు చేతే పెట్టించు. నన్ను చూసి, పెద్దాయన ఉన్నాడులే అని ఆయన టీ కోసం లేవబోతే, కూచోబెట్టు.

మీ పెదనాన్న