స్ట్రక్చరల్ అనాలిసిస్‌ను స్టెప్పులు బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా?

సివిల్ మూడో సంవత్సరంలో ఉన్నానని, స్లోప్ డిఫ్లెక్షన్, మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ (బీమ్‌లలో మూమెంట్లు కనుక్కునే రెండు పద్ధతులు) లెక్కల్లో సపోర్టు కాస్త మారిస్తే చేయి ఆడట్లేదని, మిడ్స్ అంటే టెన్షన్‌గా ఉందని అడిగారు. నేను హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ డిజైన్ చేస్తాను, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు పని కూడా నేర్పుతుంటాను. వాళ్లలో చాలామందిది ఇదే ఇబ్బంది. లెక్క రాక కాదు, బీమ్ ఎటు వంగుతుందో చూసుకోకుండా లెక్కలోకి దిగడం వల్ల.

ఫార్ములా రాసే ముందు బీమ్ వంగిన ఆకారం పెన్సిల్‌తో గీయండి. ఎక్కడ కింది అంచు సాగుతోందో, ఎక్కడ పై అంచు సాగుతోందో గుర్తు పెట్టండి. నమ్మకం కుదరకపోతే ప్లాస్టిక్ స్కేలును రెండు పుస్తకాల మీద ఆనించి మధ్యలో నొక్కండి. తర్వాత రెండు చివర్లనూ స్నేహితుడితో కదలకుండా పట్టించి, అంతే బలంతో నొక్కండి. ఈసారి తక్కువ వంగుతుంది, చివర్ల దగ్గర వంపు తిరగబడుతుంది. ఫిక్స్‌డ్ బీమ్ అంటే అదే.

ఇక నంబర్లు. 6 మీటర్ల బీమ్ మీద మీటరుకు 20 కిలోన్యూటన్ల లోడ్ ఉందనుకుందాం. సింప్లీ సపోర్టెడ్ అయితే, అంటే చివర్లు ఊరికే ఆనించి ఉంటే, మధ్యలో మూమెంట్ (బీమ్‌ను వంచే ప్రభావం) 90 కిలోన్యూటన్ మీటర్లు. చివర్లు రెండూ ఫిక్స్ చేస్తే చివర్లలో 60, మధ్యలో 30. కలిపితే మళ్లీ 90. సపోర్టు మారిస్తే ఆ 90 మాయం కాదు, కొంత పై అంచుకు, కొంత కింది అంచుకు పంపకం అవుతుంది. ఇది ఒంటబడితే సగం సబ్జెక్టు వచ్చినట్టే.

ఇవే స్పాన్లు (రెండు సపోర్టుల మధ్య భాగాలు) రెండు పక్కపక్కన, మధ్యలో తెగకుండా ఉన్న కంటిన్యువస్ బీమ్ చూడండి. ముందు జాయింట్లన్నీ బిగించినట్టు అనుకుంటే ప్రతి చివరా 60. కానీ బయటి సపోర్టు నిజానికి తిరుగుతుంది కాబట్టి అక్కడ 60 నిలవదు. దాన్ని వదిలేస్తే అందులో సగం, 30, మధ్య సపోర్టుకు చేరుతుంది. అక్కడ 60, 30 కలిసి 90. రెండు పక్కలా అంతే కాబట్టి మధ్య జాయింట్ తిరగదు, లెక్క అక్కడితో అయిపోయింది. రియాక్షన్లు (సపోర్టులు మోసే బలాలు) 45, 150, 45 కిలోన్యూటన్లు వస్తాయి. మొత్తం 240, మీటరుకు 20 చొప్పున 12 మీటర్ల లోడ్ కూడా 240. ఇదే మూమెంట్ డిస్ట్రిబ్యూషన్. అమెరికన్ ఇంజనీర్ హార్డీ క్రాస్ 1930లో ప్రచురించిన ఈ పద్ధతి ఇంత సూటిగా ఉంటుంది, టేబుల్ చూసి భయపడకండి.

ఎక్కువ మార్కులు పోయేది సైన్ల దగ్గర. క్లాక్‌వైజ్ ప్లస్ అనుకుంటే ఫిక్స్‌డ్ బీమ్ ఎడమ చివర మైనస్ 60, కుడి చివర ప్లస్ 60 రాస్తారు. నిజానికి రెండూ హాగింగే, అంటే రెండు చోట్లా సాగేది పై అంచే. డయాగ్రమ్ గీసేటప్పుడు ఆ ప్లస్సులు, మైనస్‌లు పక్కన పెట్టి, ఏ అంచు సాగుతుందో ఆ వైపే గీయండి.

డిటర్మినేట్ (బలాల సమతుల్యతతోనే రియాక్షన్లు తేలిపోయేది), ఇన్‌డిటర్మినేట్ (అలా తేలనిది) తేడాకు అమీర్‌పేట నుంచి మియాపూర్ దారిలో మెట్రో కింద నడుస్తూ పైకి చూడండి. పిల్లర్ తల మీద రెండు స్పాన్ల మధ్య సందు కనిపిస్తుంది, ఏ స్పాన్‌కు ఆ స్పానే. అలాంటి స్పాన్‌కు ఒక సపోర్టు కొద్దిగా కుంగినా కొత్త మూమెంట్ పుట్టదు. కంటిన్యువస్ బీమ్‌లో పుడుతుంది. సింకింగ్ సపోర్ట్ లెక్కలు అందుకే ఇస్తారు.

వీలైతే స్లాబ్ వేసే రోజు ఏదైనా సైట్‌కు వెళ్లి బాల్కనీ దగ్గర నిలబడండి. అక్కడ మెయిన్ రాడ్లు పైన ఉంటాయి, కింద చైర్లు పెట్టి లేపుతారు. కాంక్రీటు పోసేవాళ్లు వాటి మీద నడిచి కిందికి తొక్కేస్తుంటే నేను ప్రతిసారీ పని ఆపిస్తాను, కాంటిలివర్‌లో (ఒక చివరే బిగించినదానిలో) సాగేది పై అంచే కదా. మీ నోట్స్‌లో గీసే హాగింగ్ డయాగ్రమ్ అక్కడ ఇనుము రూపంలో కనిపిస్తుంది.

మిడ్స్ లోపు ప్రోప్‌డ్ కాంటిలివర్ (ఒక చివర బిగించి, రెండో చివర ఆనించినది), ఫిక్స్‌డ్ బీమ్, రెండు స్పాన్ల బీమ్, ఈ మూడూ గట్టిగా చేయండి. ప్రతిదానికీ ఆకారం ముందు, లెక్క తర్వాత, రియాక్షన్ల మొత్తం చివర్లో. స్వే (పక్కకు జరగడం) ఉన్న ఫ్రేమ్‌లు ఆ తర్వాతే ముట్టుకోండి.