పాడుబడిన మిల్లులు, మూసిన గనులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము ముగ్గురు మిత్రులం. ఆదోని శివారులో చాలా ఏళ్ళ కిందట మూతపడిన ఒక జిన్నింగు మిల్లును వీడియో తీయాలనుకుంటున్నాము. గేటుకు తాళం లేదు. ప్రహరీ ఒక పక్క కూలిపోయి, మేకలు కూడా లోపలికి పోయి మేసి వస్తున్నాయి. అలాంటి చోటికి వెళ్ళడానికి అనుమతి అవసరమా? — ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మేకలకు ఉన్న వెసులుబాటు మనకు లేదు. తాళం లేనంత మాత్రాన ఆ స్థలానికి యజమాని లేడని కాదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అక్రమ ప్రవేశం సంగతి 329వ సెక్షనులో ఉంది. నేరం చేయాలనో, ఆ స్థలం ఎవరి అధీనంలో ఉందో వారిని బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో వెళ్ళినప్పుడే అది నేరమవుతుంది కాబట్టి, వట్టి కెమెరాతో వెళ్ళిన మాకేం భయమని మీరు వాదించవచ్చు. అయితే ఆ వాదన వినిపించవలసింది కోర్టులో; అంతకు ముందు పోలీసు స్టేషనులో ఒక పగలు గడిచిపోతుంది. నేరం రుజువైతే మూడు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. సామాన్లు భద్రపరిచే కట్టడంలోకి జొరబడితే జైలు ఏడాది వరకు ఉండవచ్చు. పాత మిల్లుల్లో ఇనుము, రాగి తీగలు దొంగతనానికి పోవడం మామూలే కనుక, సంచులు తగిలించుకుని లోపల తిరిగే ముగ్గురు యువకులను చూసి ఊరివారు మొదట ఏమనుకుంటారో వేరే చెప్పనవసరం లేదు.

యజమానిని కనుక్కోవడం మీరు అనుకున్నంత కష్టం కాదు. పొలాల మధ్య ఉన్న స్థలమైతే సర్వే నంబరు పట్టుకుని ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో అడంగలు, 1-బి అనే భూమి రికార్డులు చూడవచ్చు. పట్టణంలో ఉన్నదైతే పురపాలక కార్యాలయంలో ఆస్తిపన్ను ఎవరి పేరున ఉందో అడగండి, లేదా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం, తీయించండి. అప్పుల్లో మునిగి మూతపడిన కంపెనీ అయితే ఆస్తి లిక్విడేటరు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చడానికి నియమితుడైన వ్యక్తి, చేతిలో ఉండవచ్చు. అప్పుడు ఉత్తరం రాయవలసింది ఆయనకే. అనుమతిని నోటిమాటతో సరిపెట్టుకోకుండా, తేదీ వేసి రెండు వాక్యాలైనా రాయించుకోండి. ఈ పనులన్నిటికంటే ముందు, మిల్లు ఎదుట టీకొట్టు ఉంటే అక్కడ కూర్చోండి. యజమాని మనుమడు ఏ ఊళ్ళో ఉన్నాడో రికార్డుకంటే ముందు ఆ కొట్టు ఆయనే చెబుతాడు.

ప్రశ్న: పాత కట్టడాల మిద్దె పైకెక్కి తీస్తే దృశ్యం బాగుంటుంది. ఏ మిద్దె గట్టిదో, ఏది కాదో తెలుసుకునే ఉపాయం ఉందా? — ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: ఉపాయం చెప్పేకంటే ఎక్కవద్దని చెప్పడమే నాకు ఇష్టం, అయినా కారణం తెలియడం మంచిది. దూలాల మీద దంతెలు (అడ్డుకర్రలు) పేర్చి, పైన చవుడు మన్ను కప్పిన మిద్దెలు మన సీమలో పాత ఇళ్ళకే కాక, మండీలకూ గోదాములకూ ఉండేవి. మనుషులు మసలినన్నాళ్ళు వానాకాలానికి ముందు కొత్త చవుడు పోసి, పగుళ్ళు పూడ్చేవారు. మనిషి విడిచిపెట్టిన మిద్దెకు ఆ సేవ ఉండదు. నీళ్ళు ఇంకి, గోడలోకి చొచ్చుకుపోయి ఉండే దంతె కొన ముందుగా పాడవుతుంది; చెదలు కూడా అక్కడి నుంచే మొదలుపెడతాయి. కంటికి కనిపించే నడిమి భాగం మాత్రం నల్లగా, నున్నగా, నూరేళ్ళు నిలిచేటట్టు కనిపిస్తుంది. ఒకసారి ఒక పాత మండీలో అలాంటి దంతె గోడను ఆనుకునే చోట నేను తాళంచెవి మొనతో పొడిచి చూశాను. అది వెన్నలోకి దిగినట్టు వేలెడంత లోపలికి దిగి, బయటికి తీసినప్పుడు పొడి రాలింది. నాతో వచ్చిన వ్యక్తి అప్పటికే నిచ్చెన రెండో మెట్టు మీద ఉన్నాడు.

సిమెంటు రేకుల కప్పు ఇంకా మోసకారి. ఎండకూ వానకూ పెళుసుబారిన రేకు అడుగు పడిన చోట పగలకుండా, రెండు అడుగులు నడవనిచ్చి మూడోదానికి పగులుతుంది. బోల్టుల వరుస కిందే ఇనుప పట్టీ ఉంటుంది గనుక దాని మీదుగా నడవమని కొందరు చెబుతారు. పాచి పట్టిన రేకు మీద ఆ వరుస తప్పకుండా నడవగలనన్న ధైర్యం నాకైతే లేదు. పొడవాటి కర్రకు కెమెరా బిగించి నేల మీద నుంచే తీయండి.

ప్రశ్న: రామగిరి బంగారు గనుల గుంతల్లోకి తాడు సాయంతో దిగి వీడియో తీయాలని మా ఆలోచన. ఏమేమి జాగ్రత్తలు తీసుకోవాలి? — ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: దిగవద్దు. ఈ ఒక్క జవాబులో మినహాయింపు లేదు.

పూర్వపు అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ గనులను బ్రిటిషు కాలంలో ఒకసారి తవ్వి వదిలేశారు. తర్వాత ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ వాటిలో మళ్ళీ పని సాగించింది. 2001లో ఆ సంస్థే మూతపడింది. గని నడుస్తున్నంత కాలం పంపులు నీళ్ళు తోడుతూ, ఫ్యాన్లు గాలి పంపుతూ ఉంటాయి. అవి ఆగిన రోజు నుంచి అడుగున నీళ్ళు ఊరుతాయి, పైన గాలి చెడుతుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. అది 16 శాతానికి దిగితే ఆలోచన మందగిస్తుంది, 10 శాతంకంటే తగ్గితే స్పృహ తప్పుతుంది. అలా చెడిన గాలికి వాసన లేదు, రంగు లేదు, దగ్గు కూడా రాదు. పాడుబడిన బావిలో పూడిక తీయడానికి దిగినవాడు పైకి రాకపోతే, అతడి కోసం దిగిన తమ్ముడూ రాకుండా పోయిన కథ మన పల్లెల్లో వినని వారుండరు. గని గుంతలో జరిగేదీ అదే, లోతు మాత్రం ఎక్కువ.

గుంత అంచు దగ్గరికి వెళ్ళడం కూడా క్షేమం కాదు. చుట్టూ కంప పెరిగి అంచు ఎక్కడ ముగుస్తుందో కనబడదు. లోపలి కట్టెలు కుళ్ళిన చోట పైనేల కింద ఏమీ ఉండదు. మూసిన గనులకు కంచె వేయాలన్న నిబంధన ఉంది గాని, కంచె కనిపించలేదంటే గుంత లేదని అర్థం చేసుకోకండి.

ప్రశ్న: పులివెందుల ప్రాంతంలో మూసివేసిన రాతినార గనుల వద్ద తీయాలంటే ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే చాలునా? — ఒక పాఠకురాలు, కడప

జవాబు: చాలదు. రాతినార అంటే ఆస్బెస్టాస్; దాని పోగులు చేతిరుమాలు నేతలోని సందులకంటే ఎన్నో రెట్లు సన్ననివి. ఊపిరితిత్తుల్లో చేరిన పోగు అక్కడే ఉండిపోతుంది, జబ్బు బయటపడేసరికి ఇరవై నుంచి నలభై ఏళ్ళు పట్టవచ్చు. ఈ ఆలస్యమే మనుషులను ఏమార్చేది. వ్యర్థం పోసిన దిబ్బల మీద నడవకండి, గాలి వీచే రోజున ఆ దాపులకే పోకండి. బట్టలకు అంటిన దుమ్ము ఇంట్లో పిల్లలకూ అంటుతుంది గనుక, దూరాన రోడ్డు మీద నుంచి జూమ్‌తో తీయడమే మేలు.

ప్రశ్న: నల్లమలలోని పాత దొరబావి రైలు వంతెనను డ్రోన్‌తో తీయవచ్చా? — ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మీటర్ గేజి కాలంలో బండ్లు నడిచి, బ్రాడ్ గేజి వచ్చాక విడిచిపెట్టిన వంతెన అది. ఉన్నది అడవిలో గనుక ముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి; వన్యప్రాణుల చట్టం వర్తించే చోట కెమెరాకే అనుమతి కావాలి, డ్రోన్ మాట తర్వాతది. దారి కలిసివస్తుంది కదా అని ఇప్పుడు బండ్లు తిరిగే పట్టాల వెంట నడిస్తే, రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు ఉండవచ్చు. డ్రోన్ విషయానికి వస్తే, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ప్రభుత్వ వెబ్‌సైటు డిజిటల్ స్కై పటంలో పచ్చగా చూపిన చోట 400 అడుగుల ఎత్తు వరకు ఎగరవేయవచ్చు. ఓర్వకల్లు, కడప విమానాశ్రయాల ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులు. 8 కిలోమీటర్ల లోపల ముందస్తు అనుమతి లేకుండా అసలే పనికిరాదు.

ప్రశ్న: ‘దయ్యాల మిల్లు’ అని పేరు పెడితేనే చూసేవారు ఎక్కువగా వస్తున్నారు. అలా పెట్టడం తప్పా? — ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: చట్టప్రకారం తప్పో కాదో గాని, అక్కడ పని చేసినవారు అదే ఊళ్ళో ఇంకా బతికి ఉన్నారన్న సంగతి మరవకండి. అనంతపురం శివారులో మూతపడిన ఒక చెనిక్కాయల మిల్లులో గోడ నిండా బొగ్గుతో గీసిన గీతలు కనిపించాయి: నాలుగు నిలువు, ఒకటి అడ్డం. ఏ పిల్లల ఆటో అనుకుని నేను వాటిని సరిగా తీయలేదు. బయట వేపచెట్టు కింద కూర్చున్న పాత హమాలీ ఒకాయనకు ఆ బొమ్మ ఫోనులో చూపించాను. ఒక్కొక్క గీత లారీకి ఎత్తిన ఒక మూట అని, కూలి లెక్క గుమాస్తా తప్పు చెబితే ఈ గోడే సాక్షి అని ఆయన చెప్పాడు. ఆ మీదట ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు వెతికి, ఒక మూలనున్న వరుసను చూపించి, ‘ఇవి నావి’ అన్నాడు. మరుసటి రోజు అనుమతి పొడిగించుకుని, ఆయనను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళి, ఆ గోడను మళ్ళీ మొదటి నుంచి తీశాను.