నెల రోజుల్లో నాపోలీ గడ్డం రాదండీ

మీ లెక్క మొదట్లోనే తేడా కొట్టింది. మీ బేస్‌బాల్ జట్టు గెలవాలన్న సెంటిమెంటుతో ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) తొలిరోజు షేవింగ్ ఆపి, వరల్డ్ సిరీస్ (ఫైనల్) నాటికి 2013 రెడ్ సాక్స్ జట్టు ఆటగాడు మైక్ నాపోలీ లాంటి పొడవాటి గడ్డం కావాలంటున్నారు. గడ్డం రోజుకు సుమారు 0.4 మి.మీ. పెరుగుతుంది, అంటే నెలకు సెంటీమీటరు పైచిలుకు, అంతే. నాపోలీ, అతని సహచరుడు జానీ గోమ్స్ ఆ ఏడాది స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కు ముందు శిక్షణ) నుంచే పెంచారు. వచ్చే సీజన్‌కి మీరూ ఓపెనింగ్ డే (సీజన్ తొలిరోజు) నాడే రేజరు పక్కన పెట్టండి.

రెండో వారంలో దురద అన్నారు. రేజరు కోసిన వెంట్రుక కొన పదునుగా ఉండి చర్మానికి గుచ్చుకుంటుంది, సబ్బు ఆ చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది. సబ్బు మానేసి, వారానికి రెండు మూడుసార్లు తేలికపాటి షాంపూ వాడండి. తడి ఆరకముందే మూడు నాలుగు చుక్కల బియర్డ్ ఆయిల్ వెంట్రుకలకు కాదు, కింది చర్మానికి పట్టించండి. కొబ్బరినూనె కొందరికి మొటిమలు తెస్తుంది, చూసుకోండి.

చెంపల మీద ఖాళీలను నాలుగు వారాల దాకా ముట్టుకోవద్దు. పక్క వెంట్రుకలు పొడవైతే చాలావరకు కప్పేస్తాయి. ఇప్పుడే ట్రిమ్మర్ పెడితే ఖాళీ ఇంకా పెద్దగా కనిపిస్తుంది. మెడ మాత్రం గొంతు ముడికి రెండు వేళ్ల పైనుంచి కిందికి గీసేయండి. మెడ గీస్తే జట్టు ఓడిపోతుందన్న భయం అక్కర్లేదు, సెంటిమెంటంతా గడ్డానిదే!

అన్నట్టు, మీ జట్టు యాంకీస్ అయితే పాత ఫోటోల్లో నమూనా వెతక్కండి. 2025 ఫిబ్రవరి దాకా అక్కడ మీసానికే అనుమతి.