రాకీస్ చూడండి, ఆర్‌ఆర్‌ఎస్‌పీ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: మేమిద్దరం టొరంటో దగ్గర ఉద్యోగాలు చేస్తున్నాం. పెళ్లయి ఆరేళ్లయినా కలిసి ఎక్కడికీ వెళ్లలేదు. జులైలో వారం రోజులు అల్బర్టా వెళ్లి, రాకీ పర్వతాల్లోని బాన్ఫ్, జాస్పర్ పార్కులు చూడాలని ఉంది. ఖర్చు 6,000 డాలర్లు అవుతుందని అంచనా. క్రెడిట్ కార్డు బాకీ 4,000 ఉంది, వడ్డీ 21 శాతం. పన్ను పడని పొదుపు ఖాతా టీఎఫ్‌ఎస్‌ఏలో 11,000 ఉన్నాయి, కానీ దాన్ని కదపొద్దంటుంది మా ఆవిడ. రిటైర్మెంట్ కోసం దాచుకునే ఖాతా ఆర్‌ఆర్‌ఎస్‌పీలోంచి తీద్దామంటాను నేను. ఎవరు రైటు?

జవాబు: ఆవిడ సగం రైటు. మీరు, ఏమనుకోకండి, పూర్తిగా తప్పు.

ఆర్‌ఆర్‌ఎస్‌పీలోంచి 5,000 దాటి 15,000 లోపు తీస్తే ఒంటారియోలో 20 శాతం పన్ను అక్కడికక్కడే కోసేస్తారు. చేతికి 6,000 రావాలంటే 7,500 తీయాలి. అక్కడితో అయిపోదు. ఆ 7,500 మీ ఈ ఏడాది ఆదాయంలో కలుస్తుంది కాబట్టి రిటర్న్ వేసేటప్పుడు ఇంకొంత కట్టాల్సి రావచ్చు. పోయిన కాంట్రిబ్యూషన్ రూమ్, అంటే ఖాతాలో డబ్బు వేసుకోవడానికి మీకున్న పరిమితి, మళ్లీ రాదు.

టీఎఫ్‌ఎస్‌ఏ అలా కాదు. తీసినదానికి పన్ను లేదు, ఆ రూమ్ కూడా వచ్చే జనవరి 1న తిరిగొస్తుంది. అందులోంచి 4,000 తీసి కార్డు బాకీ ఇవాళే కట్టేయండి. 11,000 పక్కన పెట్టుకుని నెలకు 70 డాలర్ల వడ్డీ కట్టడమంటే గొడుగు చంకలో పెట్టుకుని వానలో తడవడమే. మిగతా 7,000 అత్యవసరానికి, దాన్ని ముట్టుకోవద్దు. బోనస్ వచ్చింది కదా అని ఈ ఏడాదే తిరిగి వేసేయకండి. వాడని రూమ్ లేకపోతే అదనపు మొత్తం మీద నెలకు 1 శాతం జరిమానా పడుతుంది. ఈ దేశానికి వచ్చిన ఏడాది నుంచే మన రూమ్ లెక్క మొదలవుతుందని మరిచి ఇరుక్కున్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

మరి ట్రిప్పు? జులై నుంచి సెప్టెంబర్ చివరికి జరపండి. ఈలోపు ఇద్దరూ కలిసి నెలనెలా దాచుకోవచ్చు, హోటల్ అద్దెలూ మామూలుగా కాస్త దిగుతాయి. లార్చ్ చెట్లు బంగారు రంగుకి తిరిగేదీ అప్పుడే. అయితే బాన్ఫ్‌లోని మొరైన్ లేక్ దగ్గర జనం అప్పుడూ తగ్గరు. 2023 నుంచి అక్కడికి సొంత కార్లను రానివ్వడం లేదు, షటిల్ బస్సులో సీటు ముందే బుక్ చేసుకోవాలి.

ఖర్చు తగ్గించే చోటు ఇంకొకటి ఉంది. జాస్పర్‌లోని అథబాస్కా హిమానీనదం మీదికి తీసుకెళ్లే పెద్ద చక్రాల బస్సు టికెట్టు ఖరీదెక్కువ. పార్కు పాస్ ఉంటే హిమానీనదం అంచు దాకా నడిచి వెళ్లడానికి వేరే టికెట్టు లేదు. ఏ ఏడాదికి మంచు ఎక్కడిదాకా ఉండేదో దారిలో గుర్తులు పెట్టారు. సుమారు 125 ఏళ్లలో అది కిలోమీటరున్నర వెనక్కి జరిగింది. గైడ్ లేకుండా మంచు మీద మాత్రం అడుగు పెట్టొద్దు, పగుళ్లుంటాయి.

అన్నట్టు, మీ ఒంటారియో హెల్త్ కార్డు అల్బర్టాలో డాక్టరుకీ ఆసుపత్రికీ పనికొస్తుంది కానీ అంబులెన్సుకి పనికిరాదు. కొండల్లో కాలు విరిగితే హెలికాప్టర్ బిల్లు ఈ ట్రిప్పు ఖర్చుని మించిపోవచ్చు. ఆఫీసు బెనిఫిట్స్‌లో ఆ కవరేజీ ఉందో లేదో టికెట్లు కొనకముందే చూసుకోండి. లేకపోతే విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.